చిన్నల్లుడు పెట్టిన గీజరు

ఆ ఇంటికి ఇద్దరు అల్లుళ్ళు. పెద్దల్లుడు ఇంటింటికీ తిరిగి కరెంటు వైరింగు తనిఖీ చేసే ఇన్స్పెక్టరు. చిన్నల్లుడికి బజార్లో దీపాలు, ఫ్యాన్లు, గీజర్లు అమ్మే షాపు. ఇద్దరికీ అన్నం పెట్టేది కరెంటే అయినా, ఒకడు ఇళ్ళు వెలిగించేవాడు, ఇంకొకడు వెలుగుతున్న ఇళ్ళలోకి దూరి లోపాలు వెతికేవాడు. ఎవరొస్తే ఆ ఇంట్లో మొహాలు విప్పారతాయో వేరే చెప్పాలా?

మర్యాదకేం లోటు లేదు. నిజానికి మర్యాద పెద్దల్లుడికే ఎక్కువ. అతను గుమ్మంలోకి రాగానే మామగారు పేపరు మడిచి లేచి నిలబడేవాడు. అత్తగారు "రండి అల్లుడుగారూ, కూర్చోండి" అంటూ కుర్చీ తుడిచి వేసేది. అదే చిన్నల్లుడు వస్తే ఎవరూ లేవరు. "ఇప్పుడా నాయనా రావడం? పో, చేతులు కడుక్కో, వంటింట్లోనే తిందువుగాని" అనేది అత్తగారు. అతను స్టవ్వు పక్కన గట్టెక్కి కూర్చుని గిన్నెల మూతలు తీసి చూసేవాడు. పెద్దల్లుడు హాల్లో, ఆ తుడిచిన కుర్చీలో కూర్చుని, వంటింట్లోంచి వచ్చే నవ్వులు వినేవాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంటికి వస్తున్నాడు. వంటింట్లోకి ఒక్కసారే వెళ్ళాడు, అదీ ఫ్యూజు మార్చడానికి. చిన్నల్లుడు అల్లుడై ఆరేళ్ళే అయింది.

ఈ కడుపుమంటను అతను ఎవరితోనూ చెప్పుకోలేదు. తనతో తాను కూడా చెప్పుకోలేదు. దానికి "వృత్తి ధర్మం" అని పేరు పెట్టుకున్నాడు. చిన్నల్లుడు అత్తగారి హాల్లో రంగుల దీపాలు బిగిస్తే, "స్విచ్చు తప్పు వైరుమీద పడింది" అన్నాడు. తోడల్లుడు కొత్తిల్లు కట్టుకుని చూడ్డానికి రమ్మని పిలిస్తే, జేబులోంచి టెస్టరు తీసి ప్రతి ప్లగ్గులోనూ పొడిచి, "ఈ మూలది కాస్త వదులుగా ఉంది" అన్నాడు. అతను చెప్పినవి అబద్ధాలు కావు. అవసరమైనవీ కావు. ఆ రోజు నుంచి మరదలు చాటున అతన్ని "టెస్టరు బావ" అనడం మొదలుపెట్టింది. చాటుమాటు పేర్లు చెవిన పడకుండా ఎక్కడికి పోతాయి?

ఇక గీజరు సంగతి. అంతకు ఎనిమిదేళ్ళ ముందు పెద్దల్లుడు అత్తగారి ఇంటికి ఒక ట్రిప్పు స్విచ్చు పెట్టించాడు. కరెంటు దారితప్పి గోడలోకో, నీళ్ళలోకో, మనిషి ఒంట్లోకో పారితే రెప్పపాటులో ఇంటి సరఫరా మొత్తం ఆపేసే స్విచ్చది. అది తన పని తాను బుద్ధిగా చేసేది. వాన కురిసి పెరటి గోడ చెమ్మగిల్లితే ఆపేది. పాత ఇస్త్రీపెట్టె వైరు చిట్లితే ఆపేది. ఆపిన ప్రతిసారీ అత్తగారు "పాడు స్విచ్చు" అని విసుక్కునేది. పెట్టింది ఎవరో గుర్తొచ్చి, "అంటే, మంచిదేననుకోండి" అని సర్దుకునేది. ఆ సర్దుబాటు అతనికి తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకునేది.

ఈ ఏడు చలి మొదలవగానే చిన్నల్లుడు ఆమె స్నానాల గదిలో తెల్లగా మెరిసే గీజరు బిగించి ఇచ్చాడు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఇన్నాళ్ళూ స్టవ్వుమీద నీళ్ళు కాచుకుని బకెట్టుతో మోసుకెళ్ళేది. ఇప్పుడు కుళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్ళు. ఇరుగుపొరుగు వచ్చి చూసి వెళ్ళారు. "కొడుకు లేని లోటు తీర్చాడు" అని ఆమె ఫోన్లో పెద్దకూతురితోనే చెప్పింది. పక్కన కూర్చుని టీ తాగుతున్న పెద్దల్లుడికి ఆ గుక్క గొంతు దిగలేదు.

గీజరు వచ్చిన రెండో వారం, ఆదివారం భోజనాలకి అందరూ అత్తగారింట్లో కలిశారు. చిన్నల్లుడు షాపులో సరుకు దిగుతోందని రాలేదు. భోజనాలయ్యాక అత్తగారు పెద్దకూతురితో మోకాళ్ళ ముచ్చట చెబుతూ, మాటల్లో మాటగా అంది:

"నొప్పులు తగ్గాయే. కానీ ఈ మధ్య నరాల జబ్బేదో పట్టుకుంది. స్నానం చేస్తూ కుళాయి ముట్టుకుంటే వేళ్ళు చిమచిమలాడతాయి. వయసు మీద పడుతోంది కదా."

పెద్దల్లుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "గీజరు వేసి ఉన్నప్పుడా అత్తయ్యగారూ, ఆపినప్పుడా?"

"వేసినప్పుడే అనుకుంటా. ఆపితే చల్లనీళ్ళేగా, అవెవరు ముట్టుకుంటారు?"

అతను లేచి వరండాలో మీటరు పక్కనున్న పెట్టె తెరిచాడు. ట్రిప్పు స్విచ్చు ఉన్నచోటే ఉంది. కానీ దానిలోంచి వెళ్ళాల్సిన వైర్లు రెండూ దాన్ని తప్పించుకుని, పక్కనుంచి చక్కగా టేపు చుట్టుకుని ఇంట్లోకి పోతున్నాయి. ఊరి చెరువుకి కాపలావాణ్ణి పెట్టి, గండి ఇంకోవైపు కొట్టినట్టుంది.

"ఇదెవరు చేశారు?"

"అది గీజరు వేసినప్పుడల్లా టప్పుమని పడిపోతోంది బావా," అంది మరదలు. "అందుకని మా ఆయన దాన్ని పక్కన పెట్టించారు. గీజరుకేం భయం లేదు. మూడు దీపాల టెస్టరు పెట్టి చూశారు, మూడూ సరిగ్గా వెలిగాయి. ఎర్త్ కూడా ఉందని చూపించింది."

ఆ మాటతో అతనికి విషయం పూర్తిగా అర్థమైంది. ఆ స్నానాల గది గోడలో ఎర్త్ వైరే లేదు. ట్రిప్పు స్విచ్చు పెట్టించిన రోజున అతనే ఇల్లంతా కొలిచి, ఆ సంగతి కాగితంమీద రాసి మామగారికి ఇచ్చాడు. లేని ఎర్త్ ఉన్నట్టు టెస్టరు చూపించిందంటే కారణం ఒక్కటే. బిగించినవాడు సాకెట్టు లోపల న్యూట్రల్ పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ చిన్న వైరుముక్క ముడేసి ఉంటాడు. కరెంటు వెనక్కి తిరిగిపోయే వైరు న్యూట్రల్. అది గట్టిగా ఉన్నన్నాళ్ళూ అంతా బాగానే ఉంటుంది. అది ఎక్కడైనా ఊడిందా, వెనక్కి పోయే దారిలేని కరెంటు ఆ ముక్క మీదుగా గీజరు ఒంట్లోకీ, అక్కణ్ణించి ఇనప గొట్టాల్లోకీ, కుళాయిలోకీ వస్తుంది. చిమచిమలాడుతోందంటే అప్పటికే ఎక్కడో మర వదులవుతోందన్నమాట.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అంత ప్రమాదం కళ్ళముందు కనబడగానే అతనికి మొదట కలిగింది భయం కాదు, సంతోషం. ఆరేళ్ళుగా ఎదురుచూసిన తప్పు, గోరంతది కాదు కొండంతది, దొరికింది. గుండెల్లో ఏదో తీపి పాకింది. మరుక్షణం, తడిచేత్తో కుళాయి తిప్పబోతున్న అత్తగారి వేళ్ళు మనసులో మెదిలాయి. తన మీద తనకే అసహ్యం వేసింది.

హడావిడిగా లోపలికి వచ్చి గీజరు స్విచ్చు ఆపాడు. "దీన్ని ఎవరూ వెయ్యొద్దు. ఇది ప్రాణాలమీదికి తెస్తుంది. స్క్రూడ్రైవరు ఇవ్వండి, సాకెట్టు విప్పి చూపిస్తాను."

ఒక్క క్షణం అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత మరదలు చిన్నగా నవ్వింది. "మొన్న హాల్లో దీపాలు, నిన్న మా ఇంట్లో ప్లగ్గు, ఇవాళ గీజరు. మా ఆయన తెచ్చిన వస్తువులంటే మీకెందుకు బావా అంత కక్ష?"

"కక్ష కాదమ్మా, నిజంగానే..."

"అల్లుడుగారూ," అన్నాడు మామగారు, గొంతు మెత్తగానే ఉంచి. "అతను ముచ్చటపడి పెట్టాడు. అతను లేనప్పుడు విప్పడం బాగుండదు. అతను రానివ్వండి, ఇద్దరూ చూసుకుందురుగాని."

"అప్పటిదాకా వెయ్యకుండా ఉండండి మరి."

"అలాగేలెండి," అంది అత్తగారు. చంటిపిల్లాడితో అన్నట్టు అంది. ఆమె వేస్తుందని అతనికి తెలుసు.

బస్సులో భార్య కిటికీవైపు తిరిగి కూర్చుంది. చాలాసేపటికి, "మీరు చెప్పింది నిజమేనా?" అని అడిగింది.

"నువ్వు కూడానా?"

"అడిగానంతే. ఏది నిజమో, ఏది మీ ఉడుకుమోత్తనమో నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?"

పదహారేళ్ళ ఉద్యోగంలో ఎందరో అతని మాట కొట్టిపారేశారు. వాళ్ళందరికీ తెలియక. కట్టుకున్న మనిషి నమ్మనిది మాత్రం అతని గురించి బాగా తెలిసి.

సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే నోటీసు పుస్తకం తెరిచాడు. ప్రమాదకరమైన బిగింపు కనబడితే ఇంటివాళ్ళకీ, బిగించిన షాపుకీ నోటీసు పంపే అధికారం అతనికుంది. షాపు పేరు రాశాడు. "నిర్లక్ష్యం" అనే మాట రాసి, దాని ముందు "తీవ్రమైన" అని చేర్చాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. పై ఆఫీసు సంతకమై, టపాలో వెళ్ళి, చిన్నల్లుడు దాన్ని షాపులో పదిమంది ముందు విప్పి చదువుకోవడం కళ్ళకు కట్టింది. నోటీసు కింద అచ్చువేసి ఉన్న వాక్యం దగ్గర కలం ఆగింది: "ఏడు రోజుల్లోగా సరిచేయవలెను."

ఏడు రోజులు. ఏడు స్నానాలు.

కాగితం చింపి బుట్టలో వేసి, కరెంటు కొలిచే మీటరున్న బ్యాగు భుజాన వేసుకుని బజారుకి బయల్దేరాడు.

చిన్నల్లుడి షాపులో పట్టపగలే వంద దీపాలు వెలుగుతున్నాయి. తోడల్లుణ్ణి చూసి అతను కౌంటరు దాటుకుని ఎదురొచ్చాడు. "రండన్నయ్యా! మా ఆవిడ చెప్పింది, గీజరు నచ్చలేదట మీకు." మాటలో నవ్వుంది గానీ కళ్ళలో లేదు.

పెద్దల్లుడికి ఉపన్యాసం ఇవ్వాలనిపించింది. ఇవ్వలేదు. "ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇవ్వు. ఇనుముతో చేసిన టేబుల్ ల్యాంపు ఒకటి ఇవ్వు. నేనేం మాట్లాడను, నువ్వే చూడు," అన్నాడు.

బోర్డు మూత విప్పి, అత్తగారి గోడలో లాగే ఉండాలని ఎర్త్ వైరు ఊడదీసి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వేలెడు వైరుముక్క బిగించి మూసేశాడు. దీపం వెలిగింది. దాని ఇనప కాడమీద టెస్టరు పెట్టాడు. టెస్టరు వెలగలేదు. "చూశావా, ఏం తప్పు లేదు," అని, బోర్డు ప్లగ్గు పీకి, దాని లోపల న్యూట్రల్ మర వదులు చేసి వైరు బయటికి లాగాడు. మళ్ళీ పెట్టాడు. దీపం ఆరిపోయింది.

"ఇప్పుడు కరెంటు పోయిందనుకుంటాం కదా?" అన్నాడు. "మన అత్తయ్యగారైతే, నీళ్ళు ఎందుకు కాగలేదా అని కుళాయిమీద చెయ్యి పెడుతుంది."

టెస్టరు కాడకి ఆనించాడు. అది ఎర్రగా వెలిగింది.

చిన్నల్లుడు ఆ ఎర్ర చుక్కని చూస్తూ ఉండిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. షాపులో గీజర్లు బిగించే మేస్త్రీని కేకేశాడు. అతను వచ్చి, బోర్డు చూసి, తేలు కుట్టినవాడిలా నిలబడ్డాడు.

"అత్తయ్యగారింట్లో ఇలాగే వేశావా?"

"గోడలో ఎర్త్ వైరు లేదు సార్. మీరేమో సాయంత్రానికల్లా వేడినీళ్ళు రావాలన్నారు."

చిన్నల్లుడు స్టూలుమీద కూలబడ్డాడు. "అన్నయ్యా, ఆవిడ ఇవాళ పొద్దున కూడా స్నానం చేసింది. ఫోన్ చేసి మరీ చెప్పింది నాకు, నీళ్ళు బాగున్నాయని."

"పద అయితే."

"నేనేం చెప్పను వాళ్ళకి?"

"నీ ఇష్టం. కంపెనీ తప్పని చెప్పు, మేస్త్రీ తప్పని చెప్పు. నేను చెబితే వినరు, నువ్వు చెబితే వింటారు. అందుకే వచ్చాను, లేకపోతే నీ గుమ్మం ఎక్కేవాణ్ణి కాదు." ఆ చివరిమాట అనాలనుకోలేదు. వచ్చేసింది.

అత్తగారింటికి వెళ్ళి మెయిన్ ఆపి, సాకెట్టు విప్పారు. వైరుముక్క అక్కడే ఉంది. న్యూట్రల్ మర సగానికి వదులై, పక్కనున్న ప్లాస్టిక్కు కమిలిపోయి ఉంది. చిన్నల్లుడు ఆ వైరుముక్కని ఊడదీసి, అరచేతిలో పెట్టుకుని హాల్లోకి తెచ్చాడు. పెద్దల్లుడు అతను ఏ సాకు చెబుతాడోనని చూస్తున్నాడు.

చిన్నల్లుడు ఏ సాకూ చెప్పలేదు. "తప్పంతా నాదే అత్తయ్యా," అన్నాడు. "తొందరపడ్డాను. ట్రిప్పు స్విచ్చు పడిపోతుంటే ఎందుకు పడుతోందని ఆలోచించకుండా దాన్నే తీయించాను. మీకు నరాల జబ్బేం కాదు, అది షాకు. అన్నయ్య పట్టుకోకపోతే ఈపాటికి..." ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు.

పెద్దల్లుడు తల కాస్త పైకెత్తాడు. ఆరేళ్ళ తర్వాత, తన వంతు వచ్చింది.

అత్తగారు చిన్నల్లుడి తల నిమిరింది. "ఊరుకో నాయనా, ఊరుకో. తెలియక చేశావు. తెలిశాక పరుగెత్తుకొచ్చావు. తప్పు చేసి నాదేనని ఒప్పుకునే గుణం ఈ రోజుల్లో ఎంతమందికి ఉంటుంది?"

"నూటికొకడికి," అన్నాడు మామగారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

మరదలు కూడా కళ్ళొత్తుకుంది. అందరూ చిన్నల్లుడి చుట్టూ చేరారు. అత్తగారు ఆ గుంపులోంచి తలెత్తి, "మీరు నిలబడే ఉన్నారేం అల్లుడుగారూ, కూర్చోండి," అంది, కుర్చీ తుడవబోయింది.

పెద్దల్లుడు కూర్చోలేదు. పనుందని చెప్పి వరండాలోకి వెళ్ళి ట్రిప్పు స్విచ్చు వైర్లు యథాస్థానంలో బిగించాడు. పళ్ళు ఎంత గట్టిగా బిగించాడంటే దవడలు నొప్పెట్టాయి. గీజరుకి వరండాలోంచి కొత్తగా ఎర్త్ వైరు లాగడానికి సాయంత్రమైంది. పని అవగానే స్విచ్చుమీదున్న పరీక్ష మీట నొక్కాడు. టప్పుమని పడింది. మళ్ళీ పైకెత్తాడు. గీజరు వేశాడు. పడలేదు. కుళాయిమీద మీటరు పెట్టి సున్నా కనబడేదాకా ఉండి, అప్పుడు బ్యాగు సర్దుకున్నాడు.

ఆ సాయంత్రం జరిగిందంతా విని భార్య నవ్వాపుకోలేకపోయింది. "కుళ్ళుకుంటున్నారా?"

"అవును," అన్నాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళలో ఆ మాట ఆయన నోటివెంట రావడం అదే మొదలు.

"తప్పు చేసినవాడికే దండలు. నేను చావుని ఆపాను, నాకు కుర్చీ. వాడు తప్పు ఒప్పుకున్నాడు, వాడికి కన్నీళ్ళు. ఒప్పుకోడానికి నా దగ్గర తప్పు కూడా లేదాయె."

"ఎందుకు లేదు?" అంది ఆమె, మెల్లిగా. "బోలెడున్నాయి. ఇప్పుడొకటి ఒప్పుకున్నారుగా." అతని చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "నేను కూడా ఒకటి ఒప్పుకుంటాను. బస్సులో నిన్న మిమ్మల్ని నమ్మలేదు. నమ్మి ఉండాల్సింది," అంది.

అతనికి అది చాలదు. అయినా వద్దనలేదు.

ఆ వారం చివర్లో చిన్నల్లుడు ఫోన్ చేశాడు. ఆ మేస్త్రీ ఇంకా పదకొండు ఇళ్ళలో గీజర్లు బిగించాడట. ఎక్కడెక్కడ ఏం ముడేశాడో మేస్త్రీకే గుర్తులేదట. "వెళ్ళి చూడాలి అన్నయ్యా. నాకు మీరు చూసినట్టు చూడ్డం రాదు."

వెళ్తే ఏం జరుగుతుందో పెద్దల్లుడికి ఇప్పుడే కనబడుతోంది. "శనివారం పొద్దున్నే వస్తాను," అన్నాడు.

అనుకున్నట్టే జరిగింది. ప్రతి ఇంట్లోనూ చిన్నల్లుడు చేతులు జోడించి విషయం చెప్పేవాడు. వాళ్ళు మొదట బెదిరిపోయి, తర్వాత మెచ్చుకునేవాళ్ళు. అమ్మేశాక మళ్ళీ తొంగిచూసే షాపువాడు ఎక్కడున్నాడు? కాఫీ ముందు అతనికే వచ్చేది. పెద్దల్లుడు స్నానాల గదిలో తడినేలమీద మోకాళ్ళూని సాకెట్లు విప్పేవాడు. మొదటి మూడిళ్ళలో ఏమీ లేదు. నాలుగో ఇంట్లో వైరుముక్క దొరికింది. ఆరో ఇంట్లో కూడా దొరికింది. అక్కడ న్యూట్రల్ వైరు కాలి నల్లబడి, ముట్టుకోగానే చేతిలోకి ఊడొచ్చింది. ఆ ఇంటావిడ చంకలో ఆరునెలల పిల్ల ఉంది. పిల్లకి నీళ్ళు పోయాలని గీజరు వెయ్యబోతుండగానే వీళ్ళు తలుపు కొట్టారట.

అదే మొదటిసారి, పెద్దల్లుడు బయట ఎవరేం మాట్లాడుకుంటున్నారో చాలాసేపు వినలేదు. ఊడొచ్చిన వైరు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

పని ముగించి బయటికి వచ్చేసరికి ఆవిడ చిన్నల్లుడికి దండాలు పెడుతోంది. "నాకు కాదమ్మా, ఆయనకి చెప్పండి," అన్నాడు అతను, ఇటు చూపించి.

ఆవిడ తిరిగి పెద్దల్లుడి మాసిన మోకాళ్ళూ, చేతులకంటిన మసీ చూసింది. "నువ్వు ఈ సార్ దగ్గర ఎన్నాళ్ళనుంచి పనిచేస్తున్నావు బాబూ?" అని ఆప్యాయంగా అడిగింది.

చిన్నల్లుడు నాలిక కరుచుకున్నాడు. పెద్దల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచాడు. ఆవిడ చంకలోని పిల్ల అతని జేబులో మెరుస్తున్న టెస్టరుకోసం చెయ్యి చాస్తోంది.

"ఈ శనివారం నుంచేనమ్మా," అన్నాడు. టెస్టరు తీసి లోపలి జేబులో పెట్టుకుని, "పిల్లకి ఇప్పుడు పొయ్యండి నీళ్ళు. ఏం భయం లేదు," అన్నాడు.

వీధిలోకి వచ్చాక చిన్నల్లుడు పక్కనే నడుస్తూ, "నేను చెబుదామనేలోపే..." అని నసిగాడు. ఇంకా ఐదిళ్ళున్నాయి. ఎండ ఎక్కుతోంది.

"ఆ బ్యాగు ఇలా ఇవ్వండన్నయ్యా, నేను మోస్తాను."

పెద్దల్లుడు క్షణం ఆలోచించాడు. బ్యాగు ఇతను మోస్తే, తర్వాతి ఇంట్లో దానికి కూడా మెచ్చుకుంటారు.

"అక్కర్లేదు," అని దాన్ని రెండో భుజానికి మార్చుకున్నాడు. "నువ్వు ముందు నడు. ఇల్లు చూపించు."